శని రింగుల్లో ఐసు తవ్వకం పెడదామా? (ఆట తర్వాతి వెర్షన్ గురించి)

చుక్కలపల్లి:
అందరికీ నమస్తే. తర్వాతి వెర్షన్‌కి ఒక పెద్ద పని తలకెత్తుకుందామని చూస్తున్నాం. చూస్తున్నాం అంటే నేనూ, బొమ్మలు వేసే మా తమ్ముడూ, అంతే. ఇప్పటిదాకా మన ఆటలో శని రింగులు ఉత్త వాల్‌పేపరే. శని ఉపగ్రహం టైటాన్ నుంచి ఇంకో ఉపగ్రహం ఎన్సెలాడస్‌కి సరుకు మోసేటప్పుడు కిటికీలోంచి కనిపిస్తాయి, దగ్గరికి వెళ్తే సినిమా సెట్టింగులా వెనకాల ఏమీ ఉండదు. రింగుల్లోకి దిగి ఐసు తవ్వుకునే పని పెడితే ఎలా ఉంటుంది? ఒక నమూనా చేశాను. పెద్ద పెద్ద మంచు బండలు గిర్రున తిరుగుతూ అడ్డం వస్తుంటాయి, వాటి మధ్యలోంచి తప్పించుకుంటూ లేజర్‌తో కొట్టాలి, ముక్కలు ఏరుకోవాలి. వీడియో పైన పెట్టాను. మొహమాటం లేకుండా చెప్పండి.

లాంగ్‌వీకెండ్:
సూపర్ అక్కా!! బండ పేలినప్పుడు వచ్చే ఆ తెల్ల పొగ అదిరింది. ఇంకో రెండు లేజర్లు పెట్టు, దొంగల ఓడలు కూడా పెట్టు.

రాత్రిచూపు:
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నాను, చూడ్డానికి బాగుంది గానీ అది శని రింగు కాదు. బండలు అలా గిర్రున దూసుకురావు. B రింగులో (రింగులకి A, B అని అక్షరాలే పేర్లు) శని కేంద్రం నుంచి 1,00,000 కి.మీ. దూరం దగ్గర ప్రతి గడ్డా సెకనుకు సుమారు 19.5 కి.మీ. వేగంతో పోతోంది, నిజమే. కానీ పక్క గడ్డ కూడా అదే వేగంతో అదే దిక్కుకి పోతోంది కదా. ఎక్స్‌ప్రెస్ రైల్లో మీ ఎదురు సీటు మనిషి మీ మీదికి దూసుకురాడు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య తేడా సెకనుకు మిల్లీమీటర్లలో ఉంటుంది. తగిలితే మెల్లగా ఒరుసుకుంటాయి. ఎప్పటినుంచో ఒకదాన్నొకటి గుద్దుకుని గుద్దుకుని ఉన్న వేగమంతా పోగొట్టుకున్నాయి, అందుకే రింగు అంత పల్చగా ఉంది.

ఎంత పల్చగా అంటే, చాలాచోట్ల మందం 10 మీటర్ల లెక్కలోనే. అడ్డం కొలిస్తే A రింగు బయటి అంచు దాకా 2,73,000 కి.మీ. పైన. ఒక ఏ4 కాగితం మందాన్ని రింగు మందం అనుకుంటే ఆ కాగితం 2.7 కిలోమీటర్ల పొడవున పరవాలి. గడ్డల సైజు సెంటీమీటరు నుంచి పది మీటర్ల దాకా. మీ వీడియోలో కొండంత బండలున్నాయి, అవి చాలా అరుదు.

చుక్కలపల్లి:
ఇది చదివి కొంచెం నీరసం వచ్చింది :) అంటే తప్పించుకోవడానికి ఏమీ లేదు, దూసుకొచ్చేది ఏమీ లేదు, తేలుతున్న వడగళ్ల పరుపు మీద ఓడ ఆపుకుని కూర్చోవడమేనా? అందులో ఆట ఏముంది?

లాంగ్‌వీకెండ్:
అదే కదా! సైన్సు ఎవడికి కావాలి అన్నా, శనివారం సాయంత్రం నాకు దొరికేదే రెండు గంటలు. శని మీద వడగళ్లు చూస్తూ కూర్చోమంటావా.

ఇంధనం_అయిపోయింది:
నేను ఎలీట్ డేంజరస్ అనే అంతరిక్ష ఆటలో రింగుల్లో తవ్వుతూ కొన్ని వందల గంటలు పోగొట్టుకున్న బాపతు, అందుకని ఆ అనుభవం చెబుతా. అందులో రింగులు నాలుగు రకాలు, ఐసు రింగు ఒకటి. 2018 డిసెంబర్ అప్‌డేట్‌కి ముందు మైనింగ్ అంటే లేజర్ నొక్కి పట్టుకుని టీ తాగడమే. ఆ అప్‌డేట్‌లో అసలు పని తెచ్చారు: స్కానర్ అల కొడితే కొన్ని బండలు వెలుగుతాయి, డ్రోన్ పంపి లోపల ఏముందో చూసుకోవాలి, పగుళ్లు వెతికి పేలుడు మందు పెట్టాలి, మొత్తం బలం సరిగ్గా గీత లోపల పడాలి. ఎక్కువైతే సరుకు పోతుంది. మొదటిసారి బండ విచ్చుకున్నప్పుడు నేను కుర్చీలోంచి లేచాను, అబద్ధం లేదు.

కానీ ఒక సంగతి. ఐసు రింగులో ఎవరూ ఐసు కోసం వెళ్లలేదు. వాయిడ్ ఓపల్ అని ఒక రత్నం పెట్టారు, దానికి రేటు ఎక్కువ, ఇక అందరూ దాని వెనకే. అంత మంచులో నీళ్లకి విలువ లేదు! తర్వాత 2020లో ఫ్లీట్ క్యారియర్లు అనే పెద్ద ఓడలు వచ్చాయి, వాటికి ట్రిటియం ఇంధనం కావాలి, అది ఐసు రింగుల్లో తవ్వుకోవచ్చు. అప్పుడు కాస్త అర్థం వచ్చింది. ఈవ్ ఆన్‌లైన్ అనే ఇంకో అంతరిక్ష ఆటలో కూడా అంతే, ఐసు అంటే ఓడల ఇంధనం. 2011లో ఒక పెద్ద గుంపు గాలెంటే ప్రాంతంలో ఐసు తవ్వేవాళ్లని తవ్వనీయకుండా చేసి మార్కెట్‌ని ఆడించింది. అందుకని అక్కా, బండ ఎలా పగలాలి అనేది తర్వాత. ముందు ఆ ఐసు ఎవడు కొంటాడో చెప్పు.

బగ్‌రాజు:
కొనేవాడి సంగతి మీరు చూసుకోండి, నేను నడిచేలా చేసే సంగతి చెబుతా. రెండు తలనొప్పులు.

ఒకటి, శని కేంద్రం సున్నా అనుకుని మీటర్లలో స్థానం పెడితే రింగు దగ్గర సంఖ్య పది కోట్లు. కంప్యూటర్ దశాంశ సంఖ్యలు దాచుకునే మామూలు 32 బిట్ ఫ్లోట్‌లో ఆ సైజు దగ్గర పక్కపక్క సంఖ్యల మధ్య దూరం 8 మీటర్లు. అంటే ఓడ 8 మీటర్ల గంతులు వేస్తుంది. కాబట్టి ఆటగాడినే సున్నా చేసి లోకాన్ని అతని చుట్టూ జరపాలి, ఇది మీకు తెలిసే ఉంటుంది. గోడో గేమ్ ఇంజిన్‌లో డబుల్ ప్రిసిషన్ (64 బిట్) బిల్డ్ చేసుకోవచ్చు గానీ గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లేది ఎలాగూ 32 బిట్టే.

రెండోది అసలైనది. మామూలుగా ఇలాంటివాటికి లోకాన్ని చదరాలుగా కోసి, ఒక్కో చదరానికి ఒక విత్తు సంఖ్య ఇచ్చి, దాన్నుంచి గడ్డలు పుట్టిస్తాం. తవ్వేసినవాటిని మాత్రమే సేవ్ చేస్తాం. కానీ ఇక్కడ చదరం చదరంగా ఉండదు! లోపలి గడ్డలు బయటివాటికంటే తొందరగా తిరుగుతాయి కదా. రాత్రిచూపు గారూ, ఒక కిలోమీటరు లోపలున్నది ఎంత తేడాతో జారుతుంది?

రాత్రిచూపు:
1,00,000 కి.మీ. దగ్గర ఒక చుట్టుకి దాదాపు 9 గంటలు. ఒక కిలోమీటరు లోపలికి ఉన్న గడ్డ మీకంటే సెకనుకు దాదాపు 30 సెం.మీ. ముందుకి జారుతుంది. గంటకి ఒక కిలోమీటరు. ఒక మీటరు లోపలున్నదైతే సెకనుకు 0.3 మిల్లీమీటర్లు. దూరాన్ని బట్టి పెరుగుతూ పోతుంది, అంతే.

బగ్‌రాజు:
బాగుంది. అయితే చదరాలు మానేసి పట్టీలు వేద్దాం. గ్రామఫోన్ రికార్డు గీతల్లా సన్నటి పట్టీలు, ఒక్కో పట్టీ దాని వేగంతో అది తిరుగుతుంది, పట్టీ లోపల గడ్డలు కదలవు. పట్టీల మధ్య జారుడు మాత్రం నిజంది. ఆటగాడికి తేడా తెలియదు. రింగుల మీద పరిశోధన చేసేవాళ్లు కూడా ఇలాంటి కిటుకే వాడతారని ఎక్కడో చదివాను.

రాత్రిచూపు:
అవును, జారుడు పెట్టె అనుకోవచ్చు. ఒక చిన్న ముక్కని పూర్తిగా లెక్కకట్టి, చుట్టూ దాని నకళ్లే ఉన్నట్టు, లోపలివైపు నకళ్లు ముందుకి, బయటివైపువి వెనక్కి జారుతున్నట్టు పెట్టుకుంటారు. 1980ల నుంచీ ఉన్న పద్ధతే.

లెక్కలమాస్టారు:
ఆలస్యంగా వచ్చాను. ఇంధనం గారు అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు, నేను కాగితం మీద వేసి చూశాను. చుక్కలపల్లి గారూ, మీ ప్లాను ప్రకారం రింగులో ఐసు తవ్వి టైటాన్‌కి తెచ్చి అమ్మాలి, అంతేనా? అయితే దివాలా ఖాయం.

రింగు అంటే శని ఆకర్షణ గోతిలో బాగా లోతున ఉన్న చోటు. A రింగు మధ్యలో 1,30,000 కి.మీ. నుంచి బయల్దేరి టైటాన్ కక్ష్య దాకా వెళ్లాలంటే ఒక్క బయల్దేరడానికే సెకనుకు 5.9 కి.మీ. వేగం కలపాలి. తవ్విన ఐసునే విడగొట్టి హైడ్రోజన్, ఆక్సిజన్‌గా కాల్చారనుకోండి, పొగ వేగం సెకనుకు 4.4 కి.మీ. వేశాను. ఓడతో కలిపి నాలుగు టన్నులు బయల్దేరితే ఒక టన్ను చొప్పున పైకి చేరుతుంది. మిగతా మూడూ దారిలో కాలిపోయినట్టే. టైటాన్ దగ్గర ఆపుకోవడానికి అక్కడి గాలి సాయం చేస్తుందనుకున్నా సరే. అదే ఐసు ఎన్సెలాడస్ మీద కాళ్ల కింద ఉంది, మీ ఆటలో ఇప్పటికే అమ్ముతున్నారు కూడా. ఇంకా రింగుల్లోకి దిగేవాడెవడు?

లాంగ్‌వీకెండ్:
మాస్టారు వచ్చి మొత్తం థ్రెడ్‌కే శని పట్టించారు

చుక్కలపల్లి:
నిన్న రాత్రంతా ఇదే ఆలోచన. నిజం చెప్పాలంటే ఫీచర్ తీసేద్దామనే అనుకున్నాను. వాయిడ్ ఓపల్ లాంటిది ఒకటి కల్పించి పెట్టడం తేలికే, కానీ రింగు దాదాపు మొత్తం నీటి ఐసే అని తెలిసాక అందులో రత్నాలు పోయడానికి మనసు ఒప్పలేదు.

ఇంధనం_అయిపోయింది:
ఆగక్కా. పైకి తేవడం దండగ, సరే. కిందున్నవాడికే అమ్మితే? ఆటలో శని గాలిలోకి దిగి హీలియం-3 పట్టే ఓడలు ఉన్నాయిగా. వాటికి ఇంధనం ఎక్కడినుంచి వస్తోంది?

చుక్కలపల్లి:
ఎన్సెలాడస్ నుంచే... ఓ.

లెక్కలమాస్టారు:
ఓ. ఇది నాకు తట్టలేదు. ఎన్సెలాడస్ కక్ష్య 2,38,000 కి.మీ. దగ్గర. అక్కడి నుంచి 1,20,000 కి.మీ. దగ్గరికి దిగాలన్నా ఊరికే జారిపోరు, రెండుసార్లు ఇంజిన్ కాల్చాలి, కలిపి సెకనుకు 5 కి.మీ. దిగడానికీ ఎక్కడానికీ దాదాపు ఒకటే ఖర్చు. కాబట్టి ఎన్సెలాడస్ నీళ్లు కింద డిపోకి చేరేసరికి మూడింట ఒక వంతే మిగులుతాయి. రింగులో తవ్వి రింగు పక్కనే అమ్మేవాడికి రవాణా ఖర్చు దాదాపు సున్నా. వాడే రాజు. నా దివాలా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రాత్రిచూపు:
ఇంకోటి కలపండి. శని దగ్గర రేడియేషన్ బెడద అతి తక్కువ ఉండేది ఈ రింగుల దగ్గరే. అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని తిరిగే కణాల్ని ఐసు తినేస్తుంది. 1979లో పయనీర్ 11 వ్యోమనౌక వెళ్లినప్పుడు A రింగు బయటి అంచు దాటగానే లెక్క ఒక్కసారిగా పడిపోయింది. అంటే మనుషులుండే డిపో కట్టాలంటే కూడా మంచి చోటే. హీలియం పట్టి అలిసిపోయి వచ్చినవాళ్లకి హైవే పక్క దాబా లాగా.

లాంగ్‌వీకెండ్:
దాబా!! ఇది కావాలి నాకు. పేరు నేను పెడతా.

క్వారీబాబు:
నేను ఎప్పుడూ చదివి వెళ్లిపోయే రకం, ఇవాళ రాయాలనిపించింది. మాది చీమకుర్తి, బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ వచ్చే ఊరు, ఇంట్లో అందరం క్వారీ మీద బతికినవాళ్లమే. మీ వీడియో చూస్తే ఒకటే నవ్వు. బండని పేల్చి ముక్కలు ఏరుకుంటున్నారు. మా దగ్గర అలా చేస్తే వాడిని మళ్లీ క్వారీలోకి రానివ్వరు. పగలగొట్టడంలో డబ్బు లేదండీ, పగలకుండా బయటికి తీయడంలో ఉంది. వజ్రం పూసలు గుచ్చిన తీగతో కోస్తారు, నీళ్లు కారుతూనే ఉంటాయి, బ్లాకు పడేచోట మట్టి పరుపు వేసి దాని మీద పడేస్తారు. ఇంత చేసినా అమ్మే బ్లాకు కంటే పక్కన పోసే వేస్టే ఎక్కువ. క్వారీ చుట్టూ ఉన్న ఆ గుట్టలు కొండలనుకుంటారు కొత్తవాళ్లు.

ఐసు అయితే అక్కడ బరువు కూడా లేదు కదా. పేలిస్తే ముక్కలు కింద పడవు, అన్ని దిక్కులా పోతాయి. మీరు గడ్డని మొత్తంగా సంచిలో వేసుకోవాలి, పేల్చకూడదు అని నా అభిప్రాయం.

ఇంకోటి. బ్లాకులో కనపడని పగులు ఉందో లేదో చూడ్డానికి మావాళ్లు నీళ్లు పోసి ఆరేదాకా చూస్తారు. అంతా ఆరిపోయాక పగులున్న చోట మాత్రం సన్నటి తడి గీత మిగులుతుంది. కొనేవాడు కూడా ముందు ఆ గీత కోసమే చూస్తాడు. ఆటలో అలాంటి పరీక్ష ఏదన్నా పెట్టండి, ఊరికే స్కానర్ నొక్కి లోపలున్నది తెలుసుకోవడం కంటే బాగుంటది.

రాత్రిచూపు:
క్వారీబాబు గారూ, మీరు రాసింది చదివి చప్పట్లు కొట్టాను. అలాంటి పరీక్ష అక్కడ ప్రకృతే పెట్టి ఉంచింది. రింగు గడ్డలు ప్రతి చుట్టులో శని నీడలోకి వెళ్లి బయటికి వస్తాయి. నీడలోకి వెళ్లగానే గుల్లగా ఉన్న ఐసు టకటకా చల్లబడుతుంది, గట్టి ఐసు వేడిని కాసేపు పట్టుకుంటుంది. కాసిని వ్యోమనౌక తన పరారుణ పరికరంతో కొలిచింది ఇదే, గడ్డల పై పొర బాగా గుల్ల అని దాంతోనే తెలిసింది. కాబట్టి మీ ఆటగాడు నీడ అంచు దగ్గర కాచుకుని, థర్మల్ కెమెరా పెట్టుకుని, చీకటి పడగానే ఏ గడ్డ ఇంకా మెరుస్తోందో చూసుకోవాలి. అది గట్టి గడ్డ. ఎక్కువ నీళ్లు, సంచిలో తక్కువ గాలిచోటు. మీ తడి గీత లాంటిదే.

చుక్కలపల్లి:
ఇది పెడుతున్నా. ఇంక చర్చ లేదు, ఇది పెడుతున్నా!! క్వారీబాబు గారూ, మీ పేరు ఆట చివర క్రెడిట్స్‌లో వేస్తాను, ఈ పేరుతోనే.

క్వారీబాబు:
అయ్యో అంత అక్కర్లేదమ్మా. మా అబ్బాయికి చూపిస్తాను, చాలు.

బగ్‌రాజు:
తవ్వితే రింగు తరిగిపోవాలా? సేవ్ ఫైల్ సైజు గురించి అడుగుతున్నా.

రాత్రిచూపు:
మొత్తం రింగుల బరువు సుమారు 15 తర్వాత పద్దెనిమిది సున్నాలు వేసినన్ని కిలోలు, అంటే శని ఉపగ్రహం మిమాస్ బరువులో 0.4 వంతు. కాసిని 2017లో చివరి చుట్లలో తూచింది. పైగా ఎవరూ తవ్వకుండానే సెకనుకు 400 నుంచి 2,800 కిలోల దాకా శని మీదికి వానలా రాలిపోతోందని 2018లో అంచనా వేశారు. మీ ఆటగాళ్లు లెక్కలోకి రారు.

బగ్‌రాజు:
అయితే ఆ పట్టీలో ఖాళీ చోటు కొన్ని గంటలే గుర్తుపెట్టుకుంటా, తర్వాత పక్కవి వచ్చి కలిసిపోయాయి అనుకుందాం. సేవ్ ఫైల్ బతికిపోయింది.

లెక్కలమాస్టారు:
ఓడ ఆపుకోవడం మర్చిపోకండి. రింగు పైన 100 మీటర్ల ఎత్తులో వదిలేస్తే ఓడ అక్కడే ఉండదు, రెండు గంటల పావులో నెమ్మదిగా రింగులోకి దిగుతుంది. దిగేటప్పటి వేగం సెకనుకు 2 సెం.మీ. అక్కడే నిలబడి ఉండాలంటే పైకి తోసుకోవాలి. ఎంత తోపు? 50 టన్నుల ఓడకి, ఇక్కడ భూమ్మీద 20 గ్రాముల బరువు మోయడానికి పట్టేంత. నవ్వొస్తుంది కదా. కానీ ఆ తోపు పొగ కిందికి పోతుంది, మీరు ఏరుకోవాల్సిన ఐసు మీదికే. పెద్ద ఇంజిన్ కొడితే మీ పొలం మీరే ఊదేసుకున్నట్టు.

చుక్కలపల్లి:
అంటే రింగు దగ్గర పెద్ద ఇంజిన్ బంద్, చల్లటి గ్యాసు చిన్న జెట్లే. అయిపోయింది, తప్పించుకోవడం లేకపోయినా ఆట దొరికింది. నీడ కోసం కాచుకోవడం, గట్టి గడ్డ ఎంచుకోవడం, ఊదకుండా దగ్గరికి జరగడం, సంచి వేయడం, దాబాకి చేర్చడం.

లాంగ్‌వీకెండ్:
యురేనస్ రింగులు కూడా పెడతావా అక్కా?

రాత్రిచూపు:
అవి బొగ్గులా నల్లగా, తాడులా సన్నగా ఉంటాయి. 1977 మార్చి 10న ఒక నక్షత్రం ముందునుంచి యురేనస్ పోతున్నప్పుడు నక్షత్రం మిణుకుమిణుకుమంటే బయటపడ్డాయి. తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ వాళ్లు కూడా ఆ రాత్రి చూశారు. తవ్వడానికి మాత్రం శనికే నా ఓటు.

చుక్కలపల్లి:
(మూడు వారాల తర్వాత) టెస్ట్ బిల్డ్ పెట్టాను. లేజర్ తీసేశాను, లాంగ్‌వీకెండ్ తమ్ముడూ సారీ. కాలం వంద రెట్లు పరిగెత్తించే బటన్ ఉంది, నీడ కోసం గంటలు గంటలు కూర్చోనక్కర్లేదు.

ఇంధనం_అయిపోయింది:
మొదటి నీడలోనే లైట్లన్నీ ఆర్పేసినట్టు రింగు చీకటైపోయి, కెమెరాలో అక్కడక్కడా గడ్డలు నిప్పుల్లా మిగిలాయి చూడు... ఎలీట్‌లో బండ విచ్చుకున్న రోజు గుర్తొచ్చింది. దాబాలో నీళ్ల రేటు కాస్త ఎక్కువుంది, తగ్గించు.

లాంగ్‌వీకెండ్:
అక్కా బగ్. సంచి కట్టేసి వదిలా, అది అర కిలోమీటరు లోపలివైపుకి జారింది, సరే పోనీ అనుకుంటే అక్కడినుంచి ముందుకి పోతోంది. పట్టుకుందామని నేనూ ముందుకి సెకనుకు 5 సెం.మీ. తోసి, టైమ్ వంద రెట్లు పెట్టా. ఇంకా దూరం పోయింది. మళ్లీ ముందుకి తోశా. ఇప్పుడు చుక్కలా కనిపిస్తోంది. ముందుకి పోతుంటే వెనక పడుతున్నా, ఇదేం గోల. నా ఐసంతా అందులోనే ఉంది.

బగ్‌రాజు:
బగ్ కాదు. ముందుకి తోస్తే నీ కక్ష్య పెద్దదైంది, పెద్ద కక్ష్య అంటే ఆలస్యం చుట్టు.

లాంగ్‌వీకెండ్:
మరి ఏం చేయాలి??

లెక్కలమాస్టారు:
నువ్వు ముందుకి తోసిందంతా తీసేసి, ఇంకో 10 సెం.మీ. వెనక్కి తొయ్యి. తోసి ఊరుకో. ఏ బటనూ నొక్కకు.

లాంగ్‌వీకెండ్:
వెనక్కి తోస్తే ముందుకెళ్తానా. సరే మాస్టారూ మీ మాట మీద.

లాంగ్‌వీకెండ్:
వస్తోంది. దగ్గరికి వస్తోంది. టీ పెట్టుకుని వస్తా.